మన అయ్యవార్ల కథలు మన పిల్లలకు అందాలి

పాకాల జంక్షనులో ధర్మవరం వైపు పోయే రైలెక్కితే తర్వాత వచ్చే స్టేషను దామలచెరువు. మామిడికాయల మండీకి పేరుపడ్డ ఊరు. పాకాలలో రైలు మారినవాళ్లు, దామలచెరువుకు కాయలు తోలినవాళ్లు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వేలమంది ఉంటారు. కానీ పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్లలో ఇద్దరు బడిపంతుళ్లు జీవితమంతా కథలు రాశారనీ, ఇద్దరికీ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయనీ మనలో ఎంతమందికి తెలుసు?

దామలచెరువు అయ్యవారు మధురాంతకం రాజారాం గారు. పాకాల అయ్యవారు కలువకొలను సదానంద గారు. రాజారాం గారు 1930లో పుట్టి 1999లో పోయారు. సదానంద గారు 1939లో పాకాలలోనే పుట్టి 2020లో కన్నుమూశారు. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు పాకాల తిరుపతి జిల్లాలో కలిసింది. అందుచేత వాళ్లు మనవాళ్లు కాకుండా పోరు గదా!

రాజారాం గారి సంగతి సాహిత్యం చదివేవాళ్లకు కొంత తెలుసు. మూడు వందలకు పైగా కథలు రాశారు. నవలలూ రాశారు. తమిళం నుంచి తెలుగు చేశారు. 1993లో ఆయన కథల సంపుటికి అకాడమీ పురస్కారం వచ్చింది. మన పల్లెల్లో సేద్యగాడు, అంగడివాడు, బడిపంతులు, పని వెతుక్కుంటూ పొరుగూరికి పోయే కుర్రవాడు ఎట్లా బతికారో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆయన కథలే చదవాలి.

ఈరోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది సదానంద గారి గురించి. మూడున్నర దశాబ్దాలు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. పెద్దలకు కథలు రాశారు, 'నవ్వే పెదవులు - ఏడ్చే కళ్లు' అందులో పేరున్న సంపుటి. 'గందరగోళం', 'గాడిద బతుకులు' అని నవలలు రాశారు. అదే చేత్తో పిల్లలకు 'సాంబయ్య గుర్రం', 'చల్లని తల్లి' వంటి కథల పుస్తకాలు, 'బంగారు నడిచిన బాట', 'అడవి తల్లి' నవలలు రాశారు. సాహిత్య అకాడమీ వారు బాలసాహిత్యానికి విడిగా పురస్కారం ఇవ్వడం 2010లో మొదలుపెట్టినప్పుడు, తెలుగులో మొట్టమొదట అందుకున్నది ఈ పాకాల అయ్యవారే, 'అడవి తల్లి'కి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. పెద్దల పుస్తకాలకు అకాడమీ బహుమతులు 1955 నుంచీ ఇస్తున్నారు. పిల్లల పుస్తకాలకు 2010 నుంచి. నడుమ 55 ఏళ్లు గడిచాయి. అంతకాలం పిల్లల కోసం రాసినవాడు పంక్తిలో కూర్చోలేదు, గడప దగ్గర నిలబడ్డాడు. పాకాల అయ్యవారిని లోపలికి పిలిచేసరికి ఆయనకు 71 ఏళ్లు.

నేనూ బడిపంతుల్నే. ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నాను. పై ఇద్దరి సరసన నిలబెట్టదగిన రాతలు కావు గానీ నేనూ కొన్ని కథలు రాశాను. వారపత్రికల్లో కొన్ని, పిల్లల పత్రికల్లో కొన్ని అచ్చయ్యాయి. తిరిగివచ్చినవి అంతకు మూడింతలు. ఆ రోజుల్లో కథ పంపితే మన చిరునామా రాసి, స్టాంపులంటించిన కవరు కూడా జతచేసేవాళ్లం. ఆ కవరు బరువుగా వచ్చిందంటే కథ తిరిగొచ్చినట్టే. మా ఊరి పోస్టుమాను చేత్తో పట్టుకుని చూసి, విప్పకముందే "ఈసారి గూడా లేదప్పా" అనేవాడు.

కథలు రాసే పంతులంటే ఊరికీ, పై వాళ్లకీ కూడా ఎందుకో అనుమానం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉండగా, తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఎవరో ముందే ఊదినట్టున్నారు. హాజరుపట్టీ తెరవకముందే "కథలు రాస్తావంట గదా" అన్నాడు. నాలుగో తరగతి పిల్లవాణ్ణి లేపి పదమూడో ఎక్కం అడిగాడు. వాడు గుక్క తిప్పకుండా ఒప్పజెప్పాడు. ఇంకొకణ్ణి లేపాడు. వాడూ చెప్పాడు. అప్పుడు "కాగితాలు బడివేనా?" అని అడిగాడు. నా సంచిలోంచి తీసి చూపించాను. పలమనేరు టూరింగు టాకీసు కరపత్రాలు. ఒకవైపు సినిమా బొమ్మ, రెండోవైపు నా కథ. ఆయన నవ్వలేదు. నాకు మాత్రం ఆ తర్వాత ఒక సంవత్సరం పాటు కలం కదల్లేదు.

ఇది ఫిర్యాదుగా రాయడం లేదు. ఆ అధికారి అనుమానంలో న్యాయం బొత్తిగా లేదని నేననను. రాతలో పడి బడి మరిచిన పంతుళ్లు నాకు తెలుసు. సభలకనీ సన్మానాలకనీ వారానికి రెండు రోజులు సెలవు పెట్టేవాళ్లనూ చూశాను. పిల్లవాడికి ఎక్కం రాకుండా పంతులుకు బిరుదొస్తే ఆ బిరుదు ఊరికి దండగే. కానీ అందరినీ ఒకే గాటన కట్టకూడదు. కథ రాసే పంతులు చాలాసార్లు బడిలోనే కథ నేర్చుకుంటాడు. అదెట్లాగో నాకు జరిగిందొకటి చెబుతాను.

వానలు లేక పశువులను అమ్ముకుంటున్న సంవత్సరం. మా ఊరి రైతు ఒకాయన పాలిచ్చే ఆవును సంతకు తోలి కసాయికి అమ్మలేక, మళ్లీ ఇంటికి తోలుకొని వచ్చి, మరుసటి వారం మళ్లీ తోలుకుపోయాడు. దాన్ని కథగా రాశాను. రైతు మనసులో జరిగే పెనుగులాటంతా పెట్టాను. బాగా వచ్చిందనుకున్నాను. పంపేముందు ఐదో తరగతికి చదివి వినిపించాను. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. చివర్లో మేకలు కాచుకుంటూ వారానికి మూడురోజులే బడికొచ్చే ఒక అమ్మాయి లేచి, "దూడ యాడికి పాయె అయ్యోరా?" అంది.

నా కథలో దూడ లేదు. పాలిచ్చే ఆవు అని రాశాను, దూడ సంగతి మరిచాను. పెద్దవాళ్లు పదిమంది చదివినా ఆ ప్రశ్న అడిగి ఉండరు. రైతు బాధ చూస్తారు, వడ్డీ లెక్క చూస్తారు. ఆ పిల్లకు అవన్నీ తెలియనివి కావు. వాళ్ల ఇంట్లోనూ మేకలను అమ్మారు. అయినా మొదట దూడనే వెతికింది.

ఆ రాత్రి కూర్చుని కథ తిరగరాశాను. దూడ వచ్చింది, కట్టుగొయ్య దగ్గర అరిచింది, రైతు భార్య దానికి గంజి పట్టబోయింది. కథకు ప్రాణం అక్కడే వచ్చింది. పత్రికవాళ్లు వేశారు. నాలుగు నెలల తర్వాత అదే విషయాన్ని దూడ వైపునుంచి చిన్నపిల్లల కథగా రాశాను. అందులో కసాయి లేడు, అప్పు లేదు. తల్లి ఎటు పోయిందో వెతుక్కుంటూ పోయే దూడ, దానికి దారి చూపే మేకలు, చివరికి దాన్ని తన మేకలతో పాటు కాచుకునే ఒక అమ్మాయి. అదీ అచ్చయింది. బావి ఒకటే. పెద్దలకు పెద్ద బొక్కెన, పిల్లలకు చిన్న చెంబు.

చిన్న చెంబుతో తోడటమే కష్టం! పెద్దల కథలో నాలుగు వాక్యాలు తడబడినా పాఠకుడు క్షమిస్తాడు, తానే సర్దుకుంటాడు. మూడో తరగతివాడు క్షమించడు. రెండో వాక్యానికి కిటికీలోంచి బయట చూస్తాడు. "తర్వాత?" అనకపోతే ఆ కథ పోయినట్టే. అబద్ధం ఆడితే ఇట్టే పట్టుకుంటాడు, మాట్లాడే నక్కను ఒప్పుకుంటాడు గానీ, వేరుశనక్కాయ చెట్టుకు కాస్తుందంటే ఒప్పుకోడు. మాటలు వాడికి తెలిసినవే కావాలి, సంగతి మాత్రం కొత్తది కావాలి. ఏడిపించవచ్చు గానీ ఏడుస్తుండగా వదిలేసి పోకూడదు. ఇవన్నీ తెలిసి రాసేవాణ్ణి "పిల్లల కథలే గదా" అని సభల్లో చివరి కుర్చీలో కూర్చోబెట్టడం నేను కళ్లారా చూశాను.

ఇది మన జిల్లాలో కొత్తగా పుట్టిన సంగతి కాదు. గోదావరి సీమలో చింతా దీక్షితులు గారు విద్యాశాఖలో పనిచేస్తూ పెద్దలకు కథలు రాశారు, పిల్లల కోసం 'సూరి సీతి వెంకి' వంటివి రాశారు, పిల్లలు పాడుకునే పాటలు పోగుచేసి 'లక్కపిడతలు' అని పుస్తకం వేశారు, నాటకమూ రాశారు. ఆయన 1960లో పోయారు. అంటే బడిలో ఉంటూ అన్ని వయసులవాళ్లకూ రాసే దారి వేసి వందేళ్లు కావస్తోంది. దారి ఉంది, దాని మీద నడిచినవాళ్లున్నారు. నడిచినవాళ్ల రాతలు దొరకడం లేదు, మన బాధ అదీ.

నిరుడు నేను మా చుట్టుపక్కల నాలుగు బడుల్లో గ్రంథాలయం బీరువాలు తెరిపించి చూశాను. ఒకచోట తాళంచెవి దొరకడానికే పూట పట్టింది. ఒకచోట చెదలు ముందే చదివేశాయి. పోటీ పరీక్షల పుస్తకాలున్నాయి, మహాపురుషుల చరిత్రలున్నాయి, ఒకే పుస్తకం ముప్పై ప్రతులున్న చోటు కూడా ఉంది. సదానంద గారి పుస్తకం ఒక్కటీ లేదు. రాజారాం గారిది ఒకచోట మాత్రం ఉంది, అట్ట లేకుండా. ఆ బడుల పేర్లు రాయను. అక్కడి పంతుళ్ల తప్పు కాదు, పంపినవి ఉన్నాయి, పంపనివి లేవు.

కొంతమంది తల్లిదండ్రులు నాతో వాదించారు. "కథలు చదివితే మార్కులొస్తాయా అయ్యోరా? ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం యాడొస్తాది?" అని. వాళ్ల మాట తోసెయ్యలేను. తాను పడ్డ కష్టం బిడ్డ పడకూడదని ఆ తండ్రి తపన. కానీ ఒక్క సంగతి ఆయనకూ చెప్పాను. ఏడో తరగతి పిల్లవాడు లెక్కల పుస్తకంలో ప్రశ్న నాలుగు వరుసలుంటే చదవలేక వదిలేస్తున్నాడు. వాడికి రానిది లెక్క కాదు, చదవడం. చదవడం పాఠ్యపుస్తకంతో అలవాటు కాదు. తర్వాతేమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రంతో అలవాటవుతుంది. ఆ ఆత్రం పుట్టించేది కథ. అందులోనూ తన ఊరి మాటలో, తన ఊరి చెట్టూ చేమా ఉన్న కథ అయితే పిల్లవాడు దాన్ని సొంతం చేసుకుంటాడు. చింతచెట్టు, గానుగ, వేరుశనగ చేను, బెల్లం వండే పొయ్యి మన పిల్లలకు ఏ పట్నం పుస్తకంలో దొరుకుతాయి?

ఇప్పుడు డబ్బు మాట. పుస్తకాలు కొనడానికి నిధులెక్కడివి అంటారు. మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నాం. మాటవరసకు ఇంటికి 600 రూపాయల పన్ను అనుకుందాం. 48 రూపాయలు పుస్తకాల కోసమే కట్టినట్టు. 500 గడపల ఊరైతే ఏడాదికి 24,000 రూపాయలు. ఆ డబ్బును పంచాయతీ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచెయ్యాలి. జమచేసిందా లేదా అని గ్రామసభలో అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. బోరింగు గురించి అడుగుతాం, వీధిదీపం గురించి అడుగుతాం, అడగవలసిందే. పుస్తకం గురించి అడిగితే మాత్రం నవ్వుతారేమోనని సిగ్గు.

సిగ్గెందుకు? మన డబ్బే. అందులో ఒక చిన్న వాటాతో మన జిల్లా పంతుళ్లు రాసిన పుస్తకాలు ముందు కొనండి అని అడిగే హక్కు మనకుంది. అచ్చులో లేనివి తిరిగి అచ్చు వేయించమని అడగవచ్చు. పెద్దల కథలు ఊరి గ్రంథాలయానికి, పిల్లల కథలు బడికి. బీరువాలో కాదు, పిల్లవాడి చేతికందే అలమరలో. చిరిగితే చిరగనీయండి. చిరిగిన పుస్తకం కొందరి చేతులు మారిన పుస్తకం.

పుస్తకాలుగా వచ్చినవాటి సంగతి ఇట్లా ఉంటే, రానివాటి సంగతి ఇంకా అన్యాయం. పత్రికల్లో పడి అక్కడే ఆగిపోయిన కథలు వేలు. ఆ పత్రికలే లేకుండా పోయాయి. 1947లో మద్రాసులో మొదలైన 'చందమామ' కూడా అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. పంతుళ్ల ఇళ్లలో రేకు పెట్టెల్లో, అటకల మీద ఆ పాత సంచికలు, రాతప్రతులు ఉన్నాయి. పెద్దాయన పోతాడు. కొడుకు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటాడు. ఇల్లు అమ్మేముందు ఆ కాగితాలు తూకానికి పోతాయి. ఒకసారి మా పక్క ఊళ్లో మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీద గుండ్రటి చేతిరాత కనిపించి ఆగి చదివాను. అది ఎవరిదో ఒక నాటకంలో మూడో రంగం. అంగడాయన్ను అడిగితే, మిగతా కట్ట నిన్ననే అయిపోయిందన్నాడు. ఎవరింటి నుంచి వచ్చిందో కూడా తెలియలేదు. బజ్జీలు చల్లారిపోయాయి, నేను ఆ ఒక్క కాగితాన్నే పట్టుకుని ఇంటికొచ్చాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

శ్రీకాకుళంలో ఇట్లా కాకూడదనే ఒక పంతులు పూనుకున్నారు. కాళీపట్నం రామారావు గారు. విశాఖపట్నంలో మూడు దశాబ్దాలు బడిలో పాఠాలు చెప్పి, 1979లో విరమించుకున్న మాస్టారు. 'యజ్ఞం' కథ రాసినాయన. 1995లో తనకొచ్చిన అకాడమీ పురస్కారం డబ్బు కూడా వేసి, 1997 ఫిబ్రవరి 22న 'కథానిలయం' తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. పాత పత్రికల కోసం ఎందరినో అడిగి, ఎక్కడెక్కడికో తిరిగి పోగుచేశారు. 2021లో ఆయన పోయారు, నిలయం ఉంది. అంత పెద్ద పని మనవల్ల కాకపోవచ్చు. మన జిల్లా కథలవరకు ఒక గది, రెండు అలమరలు మనవల్ల కాదా?

కథలు రాసే పంతులు ఇప్పుడెవరైనా మీ ఊరి బడిలో ఉంటే ఆయన్ను సన్మానించనక్కర్లేదు. శాలువాలు మనకు చాలానే ఉన్నాయి, కప్పిన మరుసటి రోజు పెట్టెలో పెట్టుకునేవే. శనివారం సాయంత్రం ఒక గంట బడి వరండాలో చదవమనండి. మీరూ వెళ్లి కూర్చోండి. పాలకేంద్రానికి పాలు పోసివచ్చిన తర్వాత ఆడవాళ్లకు కొంచెం తీరిక ఉంటుంది, వాళ్లనూ రమ్మనండి. బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి. దూడ ఏమైందని అడగండి. ఆయనకు అంతకంటే కావలసింది లేదు. కథ రాసేవాడికి మెచ్చుకోలు కన్నా ముందు వినే మనిషి కావాలి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పంతుళ్లకు కూడా ఒక మాట. వాళ్లలో రాసేవాళ్లున్నారని నాకు తెలుసు. కొందరు నాకు కథలు చూపిస్తారు. పెద్ద పత్రికలకు, పోటీలకు రాస్తున్నారు, సంతోషం. పిల్లల కథ రాయమంటే "తర్వాత చూద్దాం సార్" అంటారు. బడిలో నలభై మంది పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటే వాళ్లకు రాయడం వాయిదా వెయ్యడమేమిటో నాకు అర్థం కాదు. కోపంగా అనడం లేదు. నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నవాణ్ణే. ఆ మేకల పిల్ల లేచి అడగకపోయి ఉంటే ఇంకా అట్లాగే ఉండేవాణ్ణేమో.

ఆ అమ్మాయి ఐదో తరగతితో బడి మానేసింది. పెళ్లయి పక్క మండలానికి పోయింది. మొన్న మామిడి కోతల రోజుల్లో బస్సులో కనిపించి ఆమే గుర్తుపట్టింది. పక్కన మనవరాలు. "అయ్యోరా, దూడ కథ పుస్తకం వేసినారా? ఈ పిల్లకు నేను నోటితోనే చెప్తా ఉండా, నడాన కొంచెం మర్చిపోయినా" అంది. వెయ్యలేదని చెప్పాను. బస్సు దిగేలోపు మరిచిన ముక్క ఆ మనవరాలికి చెప్పాను. ఆ కథ అచ్చయిన సంచిక నా దగ్గర లేదు. మీలో ఎవరి అటక మీదనైనా పాత పిల్లల పత్రికల కట్ట ఉంటే, తూకానికి వెయ్యకముందు మీ ఊరి బడిలో ఒకసారి చూపించండి. నా కథ కోసం కాదు. ఆ కట్టలో మన జిల్లా పంతుళ్లు ఎంతమంది ఉన్నారో చూడాలి.